అట్టపెట్టె సరే... లోపలేముంది?

ఆఫర్ లెటర్ వచ్చిన రోజు మీరేం కొంటారు? కొందరు ఫోన్ కొంటారు, కొందరు షూస్. నేను పుస్తకం కొన్నాను. టోల్కీన్ రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' కలెక్టర్స్ ఎడిషన్. గట్టి అట్టపెట్టె, మేలైన కాగితం, రచయిత తన చేత్తో వేసిన రంగుల బొమ్మలు. ఏడు వేల పైచిలుకు, ఆరు నెలల ఈఎంఐ. మొదటి జీతంతో తీర్చేస్తానన్న ధీమా. తీరా చూస్తే జాయినింగ్ డేట్ రెండుసార్లు వాయిదా పడింది. మూడో కిస్తీ నుంచి నాన్నే కట్టారు. దేనికి కడుతున్నారో అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది.

ఆ రోజుల్లోనే దాన్ని అమ్మేద్దామనుకున్నాను. 'కలెక్టబుల్' అని ఉంటే రేటు పెరుగుతుందని మనలో చాలామందికి ఓ నమ్మకం. ఆన్‌లైన్‌లో పెడితే సగం ధరకు కూడా ఎవరూ అడగలేదు. ప్లాస్టిక్ కవర్ విప్పేశాను, పెట్టె ఓ మూల కొరియర్‌లో నొక్కుకుపోయింది. అయినా అదే పుస్తకం షాపులో కొత్తది దొరుకుతుంటే నాది ఎవరికి కావాలి?

ఈ నవలలో నిజంగా ధర పెరిగిన ప్రతులు వేరే ఉన్నాయి. 1954 జులైలో అలెన్ అండ్ అన్విన్ సంస్థ లండన్ నుంచి తెచ్చిన మొదటి భాగం చూడండి. బ్రిటన్‌కు వేసినవి 3 వేల కాపీలే. పెట్టె లేదు, హంగు లేదు. యుద్ధం తర్వాత కాగితం కరవు. ఒకే నవలను మూడు ముక్కలు చేసింది కూడా ప్రధానంగా ఖర్చుకు భయపడే. వెయ్యి పౌండ్లు పోయినా పోవచ్చన్న లెక్కతోనే ప్రచురణకర్తలు దిగారు. కొన్నవాళ్లు చదివారు, నలిపారు, పారేశారు. శుభ్రంగా మిగిలినవి కొన్నే కాబట్టి వాటికంత గిరాకీ. అదే అట్ట మీద 'కలెక్టర్స్' అని వేసుకుని వచ్చినదాన్ని కొన్న ప్రతివాడూ బీరువాలో భద్రంగా దాస్తాడు. అందరి దగ్గరా ఉన్నది అరుదైనదెలా అవుతుంది? పెట్టుబడి అనే మాట మాత్రం దయచేసి మర్చిపోండి.

అమ్ముడుపోలేదు, చేతిలో పనీ లేదు. చదవడం మొదలుపెట్టాను. కథకంటే ముందు నన్ను పట్టేసింది మొదటి పేజీల్లో ఉన్న నోట్. అసలు కథ ఎన్ని తప్పులతో అచ్చయిందో, ఎలా సరిదిద్దారో చెప్పే వ్యాసం అది. సాధారణంగా మనం తిప్పేసే పేజీలు.

టోల్కీన్ ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్. 1937 చివర్లో మొదలుపెట్టి సుమారు పన్నెండేళ్లు రాశాడు. 'డ్వార్వ్స్' అని ఆయన కావాలనే రాస్తే, ప్రెస్‌లో అక్షరాలు కూర్చేవాళ్లు తప్పనుకుని డిక్షనరీ ప్రకారం 'డ్వార్ఫ్స్' చేసేశారు. ఇంకో సంగతి మరీ ఘోరం. మొదటి భాగం మళ్లీ వేయాల్సి వచ్చేసరికి ప్రెస్సువాళ్లు పాత అచ్చు విప్పేసి ఉన్నారు. ఎవరికీ చెప్పకుండా హడావిడిగా మళ్లీ కూర్చారు. కొత్త తప్పులు దొర్లాయి. రచయితకు తెలియదు, ప్రచురణకర్తకు తెలియదు. మన భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లో కోడ్ మార్చి లాగ్‌లో రాయకపోవడమే! ఆ తర్వాతి ముద్రణలు ఆ తప్పుల్ని మోసుకుంటూ వచ్చాయి. యాభయ్యేళ్ల సందర్భంగా 2004లో వచ్చిన ఎడిషన్ కోసం వేన్ హామండ్, క్రిస్టినా స్కల్ అనే ఇద్దరు పరిశోధకులు అక్షరం అక్షరం పోల్చి, 300 నుంచి 400 దాకా దిద్దుబాట్లు చేశారు. కొన్ని కేవలం కామాలు.

ఓ టెస్టింగ్ ఉద్యోగం ఇంటర్వ్యూలో 'హాబీస్: రీడింగ్' అన్న లైన్ చూసి ఏం చదివావని అడిగితే ఈ ప్రెస్సు కథే చెప్పాను. దానివల్లే ఉద్యోగం వచ్చిందని అనను. కానీ అక్కడిదాకా నా ముఖం చూడకుండా టైప్ చేస్తున్న ఆయన తలెత్తి చూశారు.

మీకు కొనాలనే ఉంటే, పెట్టె కాదు, పాఠం చూడండి. 2004 తర్వాత దిద్దిన పాఠమైతే చాలు. అది మామూలు పేపర్‌బ్యాక్‌లోనూ దొరుకుతుంది, చాలా తక్కువకు. హైదరాబాద్‌లో ఉంటే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఓ చూపు వేయండి. ఖరీదైనది కొంటే మాత్రం పేజీలు దారంతో కుట్టారా, జిగురుతో అంటించారా అన్నది కనుక్కోండి. వెయ్యి పేజీలు దాటిన పుస్తకం జిగురు మీద ఎక్కువ కాలం నిలవదు. ఇక, జీతం ఖాతాలో పడకముందు ఈఎంఐ జోలికి మాత్రం వెళ్లొద్దు. ఈ మాట చెప్పే అర్హత నాకుంది.

ఉద్యోగంలో చేరాక కిస్తీల డబ్బు ఇవ్వబోతే నాన్న తీసుకోలేదు. అల్మరా మీది పెట్టె చూపించి, "అందులో అంత ఏముందిరా?" అన్నారు, మొదటిసారి. మజర్బుల్ గ్రంథం పేజీలు తెరిచాను. కథలో మోరియా గుహల్లో గాండాల్ఫ్‌కు దొరికే పుస్తకం అది. టోల్కీన్ ఆ పేజీలను సొంతంగా రాసి, పైపుతో అంచులు కాల్చి, నెత్తుటి మరకల్లా రంగు పూసి తయారుచేశాడు. రంగుల అచ్చు ఖరీదని 1954లో వేయలేదు. ఆయన 1973లో పోయాడు. నవల లోపల అవి ఇప్పుడున్నాయి.

నాన్న కళ్లజోడు పెట్టుకుని, ఆ కాలిన అంచు మీద వేలుతో రాసి చూశారు.