పొలంలో పడ్డ పెట్టె ఎవరిది?



మొన్న స్టడీ అవర్లో ఒక మాట వచ్చింది. బెలూనుకు కట్టిన సైన్సు పెట్టె మన పొలంలో పడితే ఏం చేస్తారని అడిగితే, మా బెంచీలో ఇద్దరు "విప్పి పాత సామాన్లవాడికి అమ్మేస్తాం" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ అది తప్పని ఇప్పుడు రాస్తున్నాను.

నక్షత్రాల్లో పుట్టిన కొన్ని పరమాణువులు తమంతట తామే మారిపోతూ గామా కిరణాలను వదులుతాయి. ఒక్కొక్క దానికి ఒక్కొక్క శక్తి, మన వేలిముద్రల్లాగ. దాన్నే గామా రేఖ అంటారు. మన వంటశాలలో సత్తు గిన్నెలున్నాయి కదా, ఆ అల్యూమినియానికి దాయాది అల్యూమినియం-26. దాని రేఖ 1809 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఉంటుంది. అది సగం తరగడానికి 7 లక్షల ఏళ్ళు పడుతుంది. ఆకాశం లెక్కలో అది నిన్నటి మాటే! అంటే ఆ రేఖ కనిపించిన చోట నక్షత్రాలు ఈమధ్యనే దాన్ని వండాయన్నమాట. కానీ గాలి ఆ కిరణాలను నేలదాకా రానివ్వదు. అందుకే బెలూను.

2010లో ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్‌లో అలాంటి అమెరికా టెలిస్కోపు ఒకటి ఎగరకముందే క్రేను నుంచి ఊడి, కంచె దాటి, కారును బోల్తా కొట్టించింది. దాన్నే మళ్ళీ కట్టి "కోసీ" అని పేరు పెట్టారు. (మనకు కూరగాయలు కోసినట్టు వినిపిస్తుంది.) 2016 మేలో న్యూజిలాండ్‌లోని వనాకా నుంచి వదిలితే 46 రోజులు ఎగిరి పెరూలో దిగింది. అల్యూమినియం రేఖ దానికి దొరికింది. టెలిస్కోపునూ వెనక్కి తెచ్చుకున్నారు. దిగినచోట దాన్ని విప్పి అమ్మేసుంటే?

మన హైదరాబాదులోనూ టాటా పరిశోధన సంస్థవారి బెలూను కేంద్రం ఉంది. అక్కడినుంచి ఎక్స్-రే టెలిస్కోపులు కూడా ఎగిరాయి. పెట్టెలు పారాచూట్లతో ఎక్కడో పల్లెల్లో దిగుతాయి. ముట్టుకోవద్దు, లోపల కరెంటుండొచ్చు, పోలీసుస్టేషనుకో పోస్టాఫీసుకో చెప్పండి, బహుమతి ఇస్తాం అని పేపర్లో నోటీసు వేస్తారు. బాగానే ఉంది. మా గూడేనికి పేపరే రాదు! తెలియక విప్పినవాళ్ళను తిట్టి ఏం లాభం? చదువుకున్నది మనం, చెప్పాల్సిందీ మనమే.

దసరా సెలవుల్లో మా పటేల్‌కు నేను గోండిలో చెప్తాను. వార్డెన్ సారూ, ఈసారి ఆ నోటీసు వస్తే ఆ పేపరు అలమారాలో పరవకండి, ఈ గోడకే అంటించండి.

– 9వ తరగతి విద్యార్థి