రాత్రి వంతు ఎవరిది?

మన పిల్లలు ఉద్యోగంలో నిలబడరట. ఈ మాట మైదానం నుంచి వచ్చిన అధికారులే కాదు, మన స్టాఫ్ రూముల్లో మనవాళ్లూ అంటున్నారు. దాచుకోవడం ఎందుకు, మేమూ అన్నాం.

ఇంటర్ బైపీసీ అయిన ఆడపిల్లలను నర్సింగుకు పంపమని గూడేలు తిరిగి తల్లిదండ్రులను ఒప్పించింది మేమే. కోయ మాట వచ్చిన నర్సు వార్డులో ఉంటే మన ముసలివాళ్లు నొప్పి ఎక్కడో చెప్పుకోగలరని ఆశపడ్డాం. ఆ ఆశ తప్పు కాదు. అయితే ఆ పిల్ల నెలకు ఎన్ని రాత్రులు మేలుకోవాలో ఒక్కనాడైనా అడిగామా?

మా బడిలో చదివిన ఒకమ్మాయి నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరి, ఏడాది తిరక్కుండానే వచ్చేసింది. "ఆ మాత్రం కష్టపడలేవా తల్లీ?" అని మందలించాం. అప్పుడేమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. అక్కడ పగలు ఆరేసి గంటల షిఫ్టులు రెండు, రాత్రి మాత్రం ఏకంగా పన్నెండు గంటలు. ఊళ్లో ఇల్లున్నవాళ్లు అడిగి పగళ్లు రాయించుకుంటారు. హాస్టల్లో ఉండే మన పిల్లకు రాత్రులు. "నీకు ఇక్కడ ఎవరున్నారు, చెయ్యి" అన్నారట. పొద్దున ఎనిమిదికి దిగి కన్ను మూస్తే, మధ్యాహ్నం రావాల్సిన నర్సు రాలేదని తలుపు కొట్టేవారు. రేపటి డ్యూటీ ఏదో ఈ రాత్రి వాట్సాప్‌లో తెలిసేది. భూమి పండుగకు సెలవడిగితే, క్యాలెండర్లో ఆ పండుగ లేదన్నారు. చివరికి ఒకరోజు, సెలైన్ అయిపోయిందని రెండోసారి పిలిచిన ముసలాయనను కసిరిందట. "మా తాతలా ఉన్నాడు సార్, ఎందుకు కసిరానో నాకే తెలీలేదు" అంది. మా దగ్గర జవాబు లేదు.

దీన్ని బద్ధకం అందామా? 12 యూరప్ దేశాల్లో 31 వేలకు పైగా నర్సులను అడిగి 2015లో ప్రచురించిన అధ్యయనం ఉంది. పన్నెండు గంటలూ, అంతకు మించీ షిఫ్టు చేసేవాళ్లలోనే మనసు కాలిపోవడం, పని మీద విరక్తి, మానేద్దామన్న ఆలోచన ఎక్కువగా కనిపించాయి. వాళ్లెవరూ మన గూడేల నుంచి వెళ్లినవాళ్లు కారు.

మన దేశంలోనూ సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ ఒకటి 2016లో ప్రైవేటు నర్సుల గురించి సిఫారసులు చేసింది. 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా జీతం 20 వేలకు తగ్గకూడదనీ, పనిగంటలు, సెలవులు, రవాణా, వసతి ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలనీ అంది. మా అమ్మాయికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మేమూ చెప్పలేదు.

రోగికి రాత్రి ఉండదా, ఎవరో ఒకరు మేలుకోవద్దా అంటారు. మేలుకోవాలి. చేను కావలికి మనమూ మంచెల మీద రాత్రులు గడిపినవాళ్లమే. కానీ గూడెంలో వంతులు వేసుకుంటాం. దిక్కులేని ఇంటివాళ్లని ఒకే ఇంటిని ప్రతి రాత్రీ మంచె ఎక్కించం. ఏజెన్సీ ప్రభుత్వాసుపత్రుల్లో పోస్టులు ఖాళీగా ఉన్నచోట ఒకరి సెలవు ఇంకొకరికి డబుల్ డ్యూటీ అవుతుంది. పోస్టులు నింపమని కొట్లాడాల్సిందే. కానీ ఉన్నవాళ్లకు రాత్రులు సమానంగా పంచడానికి ఏ జీవో కావాలి? ఏ బడ్జెట్ కావాలి?

ఉపాధ్యాయ మిత్రులారా, ఈసారి పిల్లల చేత నర్సింగు దరఖాస్తు నింపించేటప్పుడు ఇదీ చెప్పండి. చేరేముందు అడగాలి: నెలకు రాత్రులెన్ని, రాత్రి దిగాక విశ్రాంతి ఎంత, డ్యూటీ చార్టు ఎన్ని రోజుల ముందు పెడతారు, ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుంటారా. అడిగితే ఉద్యోగం ఇవ్వరని భయపడే తల్లిదండ్రులుంటారు. ఆ భయం మాకూ ఉంది, నిజం చెప్పాలంటే.

ఆ అమ్మాయి మళ్లీ ఒక ఆసుపత్రికి దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూకు వెంట మేమిద్దరు ఉపాధ్యాయులం వెళ్తున్నాం. ప్రశ్నలు మాత్రం ఆమే అడుగుతానంది.