పుట్టుకతో వచ్చిన పౌరసత్వం

బౌద్ధనగర్, వారాసిగూడ, తార్నాక వీధుల్లో అద్దె గదులు తీసుకుని చదువుకుంటున్న మనవంటి విద్యార్థుల నోట అమెరికా మాట వినపడని రోజు ఉండదు. జీఆర్‌ఈలో ఎంత రావాలి, వీసా ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, ఏ యూనివర్సిటీలో ఫీజు తక్కువ - ఇవన్నీ మనవాళ్ళకు కంఠతా వచ్చు. కాని ఆ దేశాన్ని నడిపించే రాజ్యాంగం సంగతి అడిగితే నోరు మెదిపేవారు తక్కువ. పోనీ మన రాజ్యాంగం సంగతైనా తెలుసా అంటే అదీ అంతంతమాత్రమే. 1964లోనే అమెరికన్ స్టడీస్ రిసర్చ్ సెంటర్ వెలసిన క్యాంపస్ మనది. అటువంటి చోట ఈ పరిస్థితి ఉండడం విచారకరం. సైన్సు విద్యార్థినైన నేను ఈ విషయం మీద కలం పట్టడానికి కారణం ఇదే.

పరాయి దేశంలో పుట్టి అమెరికా పౌరుడు కాదలచినవాడు ఒక పరీక్షకు కూర్చోవాలి. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టుకున్నవారికి 128 ప్రశ్నల జాబితా ఇస్తున్నారు. అధికారి అందులోంచి 20 వరకు అడుగుతాడు, 12 సరిగ్గా చెప్పాలి. దేశంలో అన్నిటికన్నా పెద్ద చట్టమేది? సెనేటర్లు ఎందరు? ప్రభుత్వాధికారాన్ని మూడు శాఖలుగా ఎందుకు విభజించారు? ఇటువంటివే ఆ ప్రశ్నలు. మన జిల్లాల నుంచి వెళ్ళి న్యూజెర్సీలోనో, డాలస్‌లోనో స్థిరపడిన అన్నలూ అక్కలూ ఉద్యోగం చేసుకుంటూనే రాత్రిళ్ళు కూర్చుని వీటిని వల్లె వేస్తారు.

ఆ మూడు శాఖల సంగతి రైతుబిడ్డలకు బోధపరచడం పెద్ద కష్టం కాదు. మాది నల్లగొండ జిల్లాలో చెరువు కింద సేద్యం చేసే కుటుంబం. ఎవరి మడికి ఏ రోజు నీళ్ళన్నది ఊరంతా కూర్చుని నిర్ణయిస్తుంది. తూము ఎత్తేది నీరటి. తగాదా వస్తే తీర్చేది పెద్దమనుషులు. ఈ మూడు పనులూ ఒక్కడి చేతికే ఇస్తే ఏమవుతుంది? వాడి మడి పండుతుంది, కిందివాడి మడి ఎండుతుంది. 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చున్న పెద్దలకు పట్టుకున్న భయం కూడా ఇదే. అందుకే చట్టం చేసే పని కాంగ్రెసుకు, అమలు జరిపే పని అధ్యక్షుడికి, తీర్పు చెప్పే పని కోర్టులకు పంచి ఇచ్చారు. మన పద్ధతి వేరు. మన ప్రధానమంత్రి లోక్‌సభ విశ్వాసం ఉన్నంతవరకే ప్రధాని. అక్కడి అధ్యక్షుడు కాంగ్రెసుకు నచ్చకపోయినా నాలుగేళ్ళూ ఉంటాడు, అభిశంసనలో దోషిగా తేలితే తప్ప.

ఇక పౌరసత్వం సంగతి. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన పంజాబీ భగత్ సింగ్ థిండ్. పౌరసత్వం తెల్లవారికేగాని నీకు కాదని 1923లో ఆ దేశపు సుప్రీంకోర్టు ఆయనతో చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని, అంతకుముందు ఇచ్చిన భారతీయుల పౌరసత్వాలను కూడా రద్దు చేశారు. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చేదాకా మనవాళ్ళకు ఆ తలుపు తెరుచుకోలేదు.

కాని అక్కడ పుట్టిన బిడ్డ సంగతి వేరు. బానిసత్వం పోయిన తర్వాత 1868లో వచ్చిన 14వ సవరణ, ఆ గడ్డమీద పుట్టి ఆ దేశ అధికారానికి లోబడినవారంతా పౌరులేనని రాజ్యాంగంలోనే రాసింది. చైనా దంపతులకు శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే ఆయన 1898లో ఆ మాట మీదనే గెలిచాడు. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్, తాత్కాలిక వీసాల మీద ఉన్నవారి పిల్లలకు ఇది వర్తించదని ఉత్తర్వు ఇచ్చినప్పుడు ఎన్ని తెలుగు ఇళ్ళల్లో నిద్ర కరువయిందో! ఫెడరల్ కోర్టులు దాని అమలును ఆపాయి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఉత్తర్వు ఇవ్వడానికి ఒక సంతకం చాలు. రాజ్యాంగాన్ని సవరించాలంటే ఉభయసభల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి, 50 రాష్ట్రాల్లో 38 తలూపాలి. హక్కు ఉండడమే కాదు, అది ఎక్కడ రాసి ఉందన్నదీ ముఖ్యమే.

మరి మన దగ్గర? మన రాజ్యాంగంలో 5 నుంచి 11 వరకు ఉన్న అధికరణాలు పౌరసత్వం గురించినవి. కాని 11వ అధికరణం ఆ విషయంలో చట్టాలు చేసే అధికారాన్ని పార్లమెంటుకే వదిలింది. 1987 జూన్ 30 వరకు ఈ దేశంలో పుట్టడమే దాదాపు అందరికీ చాలేది. ఆ తర్వాత తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి రెండోవారు అక్రమంగా వచ్చినవారు కాకూడదని కూడా చేర్చారు. ఈ మార్పులు మంచివా చెడ్డవా అన్నది వేరే చర్చ. రాజ్యాంగాన్ని ముట్టుకోకుండానే ఇవి జరిగాయని మనలో ఎందరికి తెలుసు?

ఇంకొక మాట. మనవాడు అమెరికా పౌరసత్వం తీసుకున్న క్షణాన భారత పౌరసత్వం పోతుంది. ఓ.సి.ఐ. కార్డు ఉంటే రావచ్చు పోవచ్చు గాని ఇక్కడ ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే హక్కు లేదు. నేనీ సంగతి చెబితే మా నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే వాడు డాలర్లు తెచ్చినా మన పక్క గెట్టు ఎకరం కొనలేడన్నమాట" అన్నాడు. వెళ్ళేవాళ్ళను వెళ్ళవద్దని నేననను. తూకం వేసుకుని వెళ్ళండి అంటాను.

అయితే మన దేశంలో కూడా పరీక్ష పెట్టి పాసైనవారికే ఓటు ఇవ్వాలని కొందరు మిత్రులు వాదిస్తుంటారు. దీన్ని నేను ఒప్పుకోను. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అక్షరాస్యత పరీక్షల పేరు చెప్పే నల్లవారిని దశాబ్దాల తరబడి ఓటుకు దూరంగా ఉంచారు. 1870లోనే 15వ సవరణ వారికి హక్కు ఇచ్చినా, అది అనుభవంలోకి రావడానికి 1965 నాటి ఓటింగ్ హక్కుల చట్టం కావలసి వచ్చింది. మనదేశం మొదటి ఎన్నికల్లోనే, 21 ఏళ్ళు నిండినవారందరికీ, సంతకం రానివారికి కూడా, ఓటు ఇచ్చింది. 1952లో మా ముత్తవ్వ వేలిముద్ర తప్ప మరేమీ ఎరుగని మనిషి. ఆమె ఓటూ దొర ఓటూ డబ్బాలో ఒక్కటే అయ్యాయి. పరీక్ష పెట్టి ఉంటే మా ఇంట్లో ఎవరూ ఓటు మొహం చూసి ఉండేవారు కాదు.

పరీక్ష లేకపోవడం చదవకపోవడానికి అనుమతి కాదు గదా! 2024 మే లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండలో నూటికి డెబ్బై మందికి పైగా ఓటు వేస్తే, ఇన్ని కళాశాలలున్న మన సికింద్రాబాద్‌లో నూటికి యాభై మంది కూడా వేయలేదు. ఎండలో నడిచివచ్చి ఓటేసే నా పల్లె చదువుకున్నదా, పోలింగు రోజును సెలవుదినంగా గడిపే నగరం చదువుకున్నదా?

అందుచేత ఈ సంచిక ద్వారా నా మనవి ఒక్కటే. మన యూనియన్ ఏడాదికి ఒక క్రికెట్ టోర్నమెంటు, ఒక సాంస్కృతికోత్సవం జరుపుతున్నది, సంతోషం. వాటితోపాటు నెలకు ఒక సాయంత్రం సైన్సు, ఆర్ట్సు అనే భేదం లేకుండా రాజ్యాంగంలోని ఒక భాగాన్ని తెలుగులో చదివి చర్చించే ఏర్పాటు చేయాలి. మొదట పీఠిక, తర్వాత ప్రాథమిక హక్కులు, ఆ తర్వాత పౌరసత్వం. లెక్చరర్లు దారి చూపాలి, పూర్వవిద్యార్థులు వచ్చి తమ అనుభవం చెప్పాలి. రెండు దేశాల రాజ్యాంగాలూ "ప్రజలమైన మేము" అనే మొదలవుతాయి. ఆ "మేము"లో మనమూ ఉన్నాం. అమెరికాలో ఆ మాట నేర్చుకున్నవాడికి పౌరసత్వం ఇస్తున్నారు. మనకు ముందే ఇచ్చారు, ఇక నేర్చుకోవడమే మిగిలింది.