నడిగడ్డకు దక్కని గెలుపు

1520 మే 19. బీజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా కృష్ణ దాటి వచ్చి, నదిని వెనక పెట్టుకుని, రాయచూరుకు దాపున దండు దిగి ఉన్నాడు. విడిదికి కందకం తవ్వించాడు. ఆ రోజు తెల్లవారుతూనే విజయనగర రాజు కృష్ణదేవరాయల ముందుదళం విరుచుకుపడి శత్రువును ఆ కందకాల దాకా తరిమింది. సుల్తాను అంతవరకు దాచి ఉంచిన ఫిరంగులన్నీ అప్పుడు ఒక్కసారిగా పేలాయి. కిక్కిరిసి ఉన్న రాయల కాల్బలం వరసలు వరసలుగా కూలింది. రాయలు స్వయంగా రెండో దళాన్ని కదిలించి ఓటమిని గెలుపుగా తిప్పాడు. పారిపోతున్న సుల్తాను సేన కృష్ణలో మునిగింది. గెలిచిన పక్షాన చచ్చినవాళ్లే 16,000 పైచిలుకని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాశాడు.

అంతకుముందు రాయలు సాగించిన రాయచూరు కోట ముట్టడిని కూడా ఆయనే వర్ణించాడు. పైనుంచి బాణాలు, గుండ్లు కురుస్తుంటే సైనికులు గడ్డపారలతో గోడ రాళ్లు పెకలించాలి. ఊడదీసిన రాయికి దాని పరిమాణాన్ని బట్టి డబ్బు. గోడ కింద పడిన తోటివాళ్ల శవాలను లాగిపారేసినా డబ్బే. రాయికో ధర, శవానికో ధర! మన పాఠ్యపుస్తకాల్లో రాయచూరు విజయం ఒక్క వాక్యం. ఈ బేరానికి అందులో చోటు లేదు. 2010లో రాయల పట్టాభిషేకానికి అయిదు వందల ఏళ్లు నిండాయని ప్రభుత్వాలు ఉత్సవాలు చేశాయి. పేరు లేకుండా పోయిన ఆ పదహారు వేల మందిని తలచుకోని ఉత్సవం ఎవరి చరిత్రకు ఉత్సవం?

ఇంతా చేసి ఆ గెలుపు నిలిచింది పదేళ్లు. 1529లో రాయలు పోయాడు, మరుసటి ఏడే రాయచూరు, ముద్గల్ కోటలు తిరిగి ఆదిల్ షా చేతికి వెళ్లాయి. ఓడిన సుల్తాను వచ్చి తన పాదం ముద్దాడాలని రాయలు పట్టుబట్టిన అవమానం మాత్రం దక్కన్ దర్బారుల్లో చల్లారలేదు. 1565 నాటికి సుల్తానులు ఏకమయ్యారు, విజయనగరం కూలింది.

కృష్ణా తుంగభద్రల మధ్య నేల, ఈ నడిగడ్డ కోసమే ఈ నెత్తురంతా పారింది. దాని తూర్పు కొసనే మన ఆలంపూర్ ఉంది. రాయచూరు నుంచి రాయలు ఇక్కడికి వచ్చి బాలబ్రహ్మేశ్వరుడికి, నరసింహస్వామికి దానాలు చేశాడని ఇక్కడి శాసనాలు చెబుతాయి. దేవుళ్లకు అందింది. దండుకు తిండి పెట్టిన రైతుకు ఏమి అందిందో ఏ రాయీ చెప్పదు.

రాజ్యాలు పోయాయి, రాష్ట్రాలు వచ్చాయి. నడిగడ్డను గెలవాల్సిన సొత్తుగా చూసే చూపు పోలేదు. తుంగభద్ర మీది రాజోలిబండ మళ్లింపు పథకం కింద తెలంగాణ వాటా 15.9 టీఎంసీలు, ఆయకట్టు 87,500 ఎకరాలు. ఆనకట్ట ఉన్నది కర్ణాటకలో, ఆధునీకరణకు అభ్యంతరం ఆంధ్రప్రదేశ్ వైపు నుంచి, ఎండేవి ఆలంపూర్ చివరి పొలాలు. ఉమ్మడి రాష్ట్రంలో అయిదు దశాబ్దాలకు పైగా ఈ అన్యాయం నడిచింది. సొంత రాష్ట్రం వచ్చాక తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకం పెట్టారు. దాని కింద కట్టాల్సిన మల్లమ్మకుంట రిజర్వాయరు మాట ఏళ్లుగా నానుతూనే ఉంది. పక్క రాష్ట్రాలను తిట్టి చేతులు దులుపుకునే హక్కు హైదరాబాదుకు లేదు. రెండు నదుల నడుమ పుట్టినవాడు పొట్ట చేతపట్టుకుని ముంబై, పుణె బస్సెక్కడం నూటికి నూరుపాళ్లు పాలకుల నేరం.

మూడు రాష్ట్రాల ముఖ్యమంత్రులు రాజోలిబండ ఆనకట్ట దగ్గరే కూర్చోవాలి. ఆనకట్ట పనులకు గడువు రాసి సంతకాలు పెట్టాలి. తుమ్మిళ్ల మిగులు పనులకు తెలంగాణ ప్రభుత్వం ఈ బడ్జెట్‌లోనే డబ్బు కేటాయించాలి. ఓటు అడగడానికి ఊళ్లోకి వచ్చే ప్రతి నాయకుణ్ణీ నడిగడ్డ రైతులు ముందు ఈ లెక్కే అడగాలి.