మేత వేయని చెరువుకు మూలికలెందుకు?

వికారాబాద్ జిల్లాలో చేపల పెంపకం అంటే చాలా ఊళ్లలో ఒకటే పద్ధతి. వానలకు చెరువు నిండాక పిల్లలను వదలాలి, ఎండలు ముదిరి నీళ్లు తగ్గాక వల వేయాలి. మధ్యలో చేప తినేది చెరువులో దానంతటది పుట్టే నాచు, పురుగు, కుళ్లిన ఆకు. 2016-17 నుంచి రాష్ట్ర ప్రభుత్వం మత్స్య సహకార సంఘాల చెరువుల్లో ఉచితంగా వదిలిస్తున్న బొచ్చె, రోహు, మ్రిగాల, బంగారు తీగ పిల్లల బతుకూ ఇంతే.

అలాంటి చోట మూలికల పొడితో చేపల బరువు పెంచుతామంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ పొడిని దేంట్లో కలుపుతారు? వెల్లుల్లి, పసుపు, మెంతులు, నేలవేము, అశ్వగంధ ఇవేవీ మేత కావు. మేతను ఒంటికి పట్టించే తోడు మాత్రమే. నీళ్లలో చల్లితే ఆ నీళ్లకే పోతాయి. కోట్‌పల్లి లాంటి జలాశయంలోనైతే చెప్పనే అక్కర్లేదు.

మూలికలను కొట్టిపారేయాలని కాదు. ఎదుగుదల కోసం పశువుల మేతలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006 జనవరి 1 నుంచి నిషేధించింది. మందుల అవశేషాలున్నాయని మన రొయ్యల సరుకును విదేశాలు తిప్పి పంపిన సందర్భాలున్నాయి. ప్రత్యామ్నాయాల కోసం వెతుకుతూ పరిశోధకులు మూలికల మీద దృష్టి పెట్టారు. వెల్లుల్లి, పసుపు తగు మోతాదులో కలిపితే చేపల్లో అరుగుదల, రోగనిరోధక శక్తి మెరుగుపడ్డాయని చాలా ప్రయోగాలు చూపాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం తొట్లలో, కొన్ని వారాలపాటు, కొలిచి మేత వేసి చేసినవి. మోతాదు మించితే ఎదుగుదల తగ్గిన సందర్భాలూ ఉన్నాయి.

లెక్క చూద్దాం. ఒక కుంటలో పంటకాలానికి 4 టన్నుల మేత పడుతుందనుకుందాం. నూటికి 1 వంతు చొప్పున పొడి 40 కిలోలు కావాలి. కిలో పొడి 300 రూపాయలు, కిలో మేత 30 రూపాయలు అనుకుంటే పొడి ఖర్చు 12,000. ఆ డబ్బు తిరిగి రావాలంటే 400 కిలోల మేత మిగలాలి, లేదా అంత విలువైన చేప అదనంగా రావాలి. అంటే మేతలో పదో వంతు ఆదా కావాలి. ప్యాకెట్ మీద రాసే గొప్పల్లో ఈ లెక్క కనిపించదు. అనంతగిరి గాలికే ఔషధ గుణం ఉందని నమ్మే ప్రాంతం మనది. మూలిక అన్న మాటకు ఇక్కడ కాస్త ఎక్కువే గిరాకీ ఉంటుంది, అమ్మేవాళ్లకూ అది తెలుసు.

సొంత కుంట తవ్వుకుని మేత వేసే రైతు సంగతి వేరు. కొల్లేరు చుట్టుపక్కల రైతులు నూనె తీసిన తవుడును చిల్లుల సంచుల్లో నింపి నీళ్లలో వేలాడదీసి చేపలను పెంచారు. వాళ్ల దిగుబడికి తొలి బలం మూలిక కాదు, క్రమం తప్పని మేత. మన జిల్లాలోని తాండూరుకూ మేత కోసం తనదైన వనరు ఉంది. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పేరు అందరికీ తెలుసు. పప్పు మిల్లుల్లో మిగిలే నూక, పరం పశువుల దాణాకు పోతుంటాయి. పచ్చి పప్పులో మాంసకృత్తుల అరుగుదలకు అడ్డుపడే పదార్థాలుంటాయి, ఉడికిస్తే అవి చాలావరకు పోతాయి. నూకను ఉడికించి తవుడు, పల్లి చెక్కతో కలిపి చేప మేతగా పరీక్షించడం మూలికల ప్యాకెట్ కంటే ముందు జరగాల్సిన పని.

పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది, జిల్లాలో మత్స్యశాఖ ఉంది. తాండూరు పక్కన ఒకే రకం కుంటలు కొన్ని తీసుకుని, సగంలో పొడి కలిపిన మేత, సగంలో మామూలు మేత వేసి, నెలనెలా చేపలను తూచి, ఆ లెక్కలను సంఘాల ముందు పెట్టాలి. ఆ ఫలితం వచ్చేదాకా సబ్సిడీ జాబితాలో మూలికల పొడికి చోటివ్వకూడదు. రైతులూ ఆ డబ్బును మేతకే పెట్టుకోవడం మేలు.