పూడిక తీసేముందు ఒక్క గొట్టం మట్టి

బ్యాకప్ లేకుండా లాగ్ ఫైళ్ళు డిలీట్ చేసినవాణ్ణి మన ఆఫీసుల్లో ఏమంటారో తెలుసుగా? 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మనం చేసింది అదే. నల్గొండ, మహబూబ్‌నగర్ చెరువుల పూడిక పొలాలకి తోలాం. మంచి పనే, కాదనను. కానీ ఆ పూడికలో పొరలు పొరలుగా ఉన్నది మన కరువుల లెక్క.

చెరువులో గొట్టం దించి తీసిన మట్టిని ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ స్కానర్ కింద పెడితే, మిల్లీమీటరు లోపు దూరాల్లో మూలకాలు చదివేస్తుంది. టైటానియం పెరిగిందా, వాన చుట్టుపక్కల నేలని ఎక్కువ కోసుకొచ్చి ఉండొచ్చు. సీసం పెరిగితే అనుమానించాల్సింది మన బళ్ళ పొగని. (నల్గొండని పీడించిన ఫ్లోరిన్ మాత్రం దీనికి కనపడదు, మరీ తేలిక మూలకం. ఖర్మ!)

2006లో గోదావరి ముఖద్వారానికి ఎదురుగా సముద్రం అడుగున తీసిన మట్టిలో, ఆకుల మైనాన్ని బట్టి సుమారు 4000 ఏళ్ళ కిందట మొదలైన ఎండుదనం బయటపడింది. మన మెట్ట ఊళ్ళ సంగతి అంత దూరం నుంచి తెలీదు. కందూరు చోడుల నాటి పానగల్లు ఉదయసముద్రం లాంటి చోట్లే వెతకాలి.

తాతలూ పూడిక తీశారు కదా, రికార్డు తెగిపోయి ఉంటుందంటారా? సగం లాగ్ అయినా నయమే. ఇకమీదట పూడిక టెండర్లో ముందు ఒక గొట్టం మట్టి తీసి దాచాలని ఒక్క షరతు పెట్టమనండి.