పుక్కిలిస్తే బీడీ మానతారా?

బీడీ మాన్పించే మందు అని ఎవరైనా ఒక సీసా చూపిస్తే ధర కంటే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఎవరి మీద పరీక్షించారు? ఎన్నాళ్ళు చూశారు? మట్మారి లాంటి ఊళ్ళలో బీడీ తాగేది ఎక్కువగా మగవాళ్ళే అయినా, మాన్పించాలని తపించేది ఇంట్లో ఆడవాళ్ళు. కాబట్టి ఈ ప్రశ్నలు అడగాల్సింది మనమే.

సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణం కొద్దిగా కలిపిన మౌత్‌వాష్‌లు ఉన్నాయి. పుక్కిలించి ఉమ్మేశాక పొగ తాగితే, పొగా వెండీ కలిసి నోట్లో లోహపు రుచి పుడుతుంది. ఆ రోతకి మనిషి బీడీ పారేస్తాడని ఆశ. పసిబిడ్డకి పాలు మాన్పించడానికి అమ్మలు వేపాకు ముద్ద రాస్తారు చూడండి, అదే ఉపాయం. కానీ బిడ్డకి ఆ చేదు తప్పించుకునే దారి లేదు. మా నాయనకి ఉంది. పుక్కిలించడం మానేస్తే చాలు, బీడీ మళ్ళీ కమ్మగానే ఉంటుంది!

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఇదే జాతికి చెందిన సిల్వర్ ఎసిటేట్‌ని చూయింగ్ గమ్‌గా, చప్పరించే బిళ్ళగా ఇచ్చి విదేశాల్లో పరీక్షించారు. ఆ పరీక్షలన్నీ కలిపి చూసిన కొక్రేన్ సంస్థ 2012 సమీక్షలో, దీనివల్ల పొగ మానతారనడానికి పెద్దగా ఆధారం లేదని తేల్చింది. రుచి నచ్చని వాళ్ళు పొగకి బదులు మందునే వదిలేయడం ఒక కారణం కావచ్చట.

మంచి పరీక్ష అంటే ఏమిటి? ఒక గుంపుకి అసలు మందు, ఇంకో గుంపుకి చూడ్డానికి అలాంటిదే ఉత్త నీళ్ళమందు ఇవ్వాలి. కనీసం ఆరు నెలలు ఆగి చూడాలి. "మానేశాను" అని నోటిమాటగా చెబితే చాలదు, ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో కొలవాలి. వారం రోజులు బీడీ చేదుగా ఉందని చెప్పడం పరీక్ష కాదు. వెండి మందులు ఎక్కువకాలం ఎక్కువగా వాడితే చర్మం నీలం బూడిదరంగుకి తిరగొచ్చు, ఆ రంగు మళ్ళీ పోదు. ఇది కూడా ముందే చెప్పాలి.

అసలు చిక్కు నాలుక మీద లేదు. పీల్చిన పొగలోని నికోటిన్ క్షణాల్లో మెదడుకి చేరుతుంది, అది అందకపోతే మనిషి విలవిల్లాడతాడు. అందుకే నికోటిన్‌నే కొంచెం కొంచెంగా ఇచ్చే గమ్, ప్యాచ్ మానే అవకాశాన్ని సగానికి పైగా పెంచుతాయని పరీక్షల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వీటిని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది.

మా ఇంట్లో రెండు భాషలు. కన్నడంలో "బీడీ బిడు" అంటే బీడీ వదిలెయ్ అని. మన "విడు", వాళ్ళ "బిడు" ఒకటే. రెండు భాషల్లో చెప్పినా మా నాయన మానలేదు, రాత్రుళ్ళు దగ్గు తగ్గలేదు. బుద్ధి చెప్పడం వేరు, సాయం చేయడం వేరు. 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 7.7 శాతం బీడీ, 4 శాతం సిగరెట్ తాగుతున్నారు. అయినా సాయం గురించిన మాటలన్నీ సిగరెట్ చుట్టూనే తిరుగుతాయి.

పొగాకు మానాలనుకునే వాళ్ళకి ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు ఉంది: 1800-11-2356. తెలుగులోనూ కన్నడంలోనూ మాట్లాడతారు. నంబరు కట్ట మీద అచ్చువేస్తారు, కానీ అంగట్లో ఒకటీ రెండూ విడిగా కొనేవాళ్ళ కంట పడదు. సెలవులకి ఊరెళ్ళినప్పుడు మీ వీధి అంగడి తలుపు మీద ఈ నంబరు పెద్ద అక్షరాలతో రాయించండి. మౌత్‌వాష్ కొనాలా వద్దా అన్నది తర్వాత, పరీక్ష ఫలితం చూపించినప్పుడు ఆలోచిద్దాం.